ఇరవై ఐదు దాటితే తోడు రాని బండి

కాప్రా చెరువుకు ఇవతలి వీధిలో, మూడో అంతస్తు ఫ్లాటులో, వరహాలబాబు పదిహేడేళ్ళుగా ఒక్కడే ఉంటున్నాడు. భార్య లేక కాదు, ఆమెతో గొడవపడీ కాదు. నూకరత్నం అనకాపల్లి దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. 2005లో ఆ ఉద్యోగం వచ్చేనాటికి ఇద్దరూ మల్కాజిగిరిలో అద్దెకుండేవారు. కూతురు దేవికకు అప్పుడు రెండేళ్ళు. చేతికొచ్చిన సర్కారు ఉద్యోగం వదులుకోవడం తెలివితక్కువ పని అని ఇద్దరూ అనుకున్నారు. రెండేళ్ళు ఓపిక పడితే హైదరాబాదుకు బదిలీ చేయించుకోవచ్చని కూడా అనుకున్నారు. పిల్లను తీసుకుని ఆమె వెళ్ళింది, అతను ఈ ఫ్లాటుకు మారాడు. ఆ రెండేళ్ళు నాలుగయ్యాయి, నాలుగు తొమ్మిదయ్యాయి. 2014లో రాష్ట్రం రెండు ముక్కలైంది. ఆమె ఉద్యోగం ఆ రాష్ట్రానిది, అతని ఉద్యోగం ఈ ఊరిది. ఆ తర్వాత బదిలీ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

పండక్కో, పిల్లకి సెలవులిస్తేనో కలుసుకునేవారు. రోజూ ఫోను ఉండేది. "తిన్నారేటి?" అని ఆమె అడిగేది. తిన్నానని ఇతను చెప్పేవాడు. ఏం తిన్నాడో మొదటి కొన్నేళ్ళు అడిగేది.

వరహాలబాబు పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పెక్కడుందో వెతికి పట్టుకుని, అది ఏ పరిస్థితిలో వస్తుందో వివరంగా రాసిపెట్టాలి. 1999లో, కంప్యూటరు నేర్చిన ప్రతివాడికీ హైదరాబాదులో కుర్చీ దొరుకుతున్న రోజుల్లో, అతనూ వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నాడు. కంపెనీలు మారాడు గానీ పని మారలేదు. 2020 మార్చిలో అందరినీ ఇంటినుంచే పని చేయమన్నారు. రెండేళ్ళు గడిచినా రమ్మని పిలవలేదు. ఈలోగా ఉద్యోగాల గిరాకీ మళ్ళీ ఎంత పెరిగిందంటే, పిల్లలు ఆర్నెల్లకో కంపెనీ మారుతున్నారు. అతని టీములో పదకొండు మంది ఉంటే తొమ్మిది మందిని అతను ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు కెమెరాలు ఆపుకుని మాట్లాడేవారు. అతని యాభయ్యో పుట్టినరోజుకు చాట్‌లో ఏడు కేకు బొమ్మలు వచ్చాయి.

అతనికి మనుషుల మధ్య గడిచేది ఆదివారం పొద్దుటి పూట మాత్రమే. సైనిక్‌పురిలో సైకిళ్ళు తొక్కేవాళ్ళ గుంపు ఒకటి ఉంది. 2013లో అందులో చేరాడు. తెల్లవారుజామున బయల్దేరి కీసరగుట్ట దాకానో, ఇంకా అవతలికో వెళ్ళి, తిరిగొచ్చి ఏఎస్ రావు నగర్‌లో ఒక హోటల్లో అందరూ కలిసి టిఫిన్ తినేవారు. వారం మొత్తంలో అతను ఎదుటి మనిషి మొహం చూస్తూ తినే తిండి అదొక్కటే. సైకిలు మీద మోజు ఎంతుందో తెలియదు గానీ, ఆ ఇడ్లీ ప్లేటు ముందు కూర్చునే ముప్పావుగంట కోసం అతను నూరు కిలోమీటర్లయినా తొక్కేవాడు.

2018లో గుండెకు స్టెంటు వేశారు. మూడు నెలల తర్వాత డాక్టరు సైకిలు తొక్కవచ్చన్నాడు. కానీ గుండె నిమిషానికి నూట ముప్పై సార్లకు మించి కొట్టుకోకూడదన్నాడు. చేతికి కట్టుకునే వాచీలో ఆ అంకె చూసుకుంటూ తొక్కితే, గుంపులో ఆఖరివాడికి కూడా అతను కనపడేవాడు కాదు. అందరూ తిని లేచే వేళకు హోటలు చేరేవాడు.

అప్పుడే మోటారు సాయం ఉన్న రోడ్డు సైకిలు గురించి చదివాడు. చూడ్డానికి మామూలు రేసు సైకిలులాగే ఉంటుంది. వెనక చక్రం మధ్యలో చిన్న మోటారు, ఫ్రేము లోపల బ్యాటరీ. ముందు గొట్టం మీద ఒక బొత్తాం నొక్కితే దాని చుట్టూ పచ్చ దీపం వెలుగుతుంది. ఆ తర్వాత పెడలు తొక్కుతుంటే, వెనకనుంచి ఎవరో వీపు మీద అరచెయ్యి ఆనించి నెట్టినట్టు ఉంటుంది. తొక్కడం ఆపితే ఆ చెయ్యి కూడా ఆగిపోతుంది. నడివయసువాళ్ళకూ గుండె జబ్బువాళ్ళకూ ఇది వరమని రాశారు. 2019లో కొన్నాడు. ఆ మోడల్‌ది ఊళ్ళో మరొకటి అతని కంటబడలేదు.

కొన్నాక గానీ అసలు సంగతి తెలియలేదు. గంటకు ఇరవై ఐదు కిలోమీటర్ల వేగం దాటగానే మోటారు ఆగిపోతుంది. అది లోపం కాదు, కంపెనీవాళ్ళు పెట్టిన కట్టుబాటే. చదును రోడ్డు మీద గుంపు ముప్పైకి తగ్గకుండా వెళ్తుంది. అక్కడ మోటారు సాయం ఉండదు సరికదా, దాని బరువు కూడా ఇతనే లాగాలి. ఆ బండి బరువు మిగతా వాళ్ళ సైకిళ్ళకు రెట్టింపు. అందుకని చదునులో వెనకబడిపోయేవాడు. కీసరగుట్ట ఎక్కుడు వచ్చేసరికి అందరి వేగం పన్నెండుకు పడిపోతుంది. ఇతను మాత్రం రొప్పు లేకుండా పద్దెనిమిదిలో ఎక్కేవాడు.

"అన్నా, నువ్వు ముందు పో. మా కోసం స్లో చేయకు, మేం వస్తాం" అనేవాడు ఎక్కుడులో సాయి. గుంపును నడిపించేది అతనే.

"అన్నా, నువ్వు మెల్లగా రా. టిఫిన్ దగ్గర కలుద్దాం" అనేవాడు గుట్ట దిగి చదును రోడ్డెక్కాక.

రెండూ ప్రేమగా అన్నవే. వరహాలబాబు గుట్ట మీద ఒక్కడే నిలబడి కింద మలుపులో వాళ్ళ రంగు చొక్కాలు కనపడేదాకా చూసేవాడు. వాళ్ళు పైకి వచ్చి, ఫోటోలు దిగి, కిందికి దూసుకుపోయేవారు. మళ్ళీ ఒక్కడే వచ్చేవాడు. అయినా మానలేదు. ఆ ఇడ్లీ ప్లేటు చల్లారకముందే చేరగలుగుతున్నాడు, అది చాలనుకున్నాడు.

2022 జనవరి ఆఖరున బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఎక్కుడులో ఉన్నట్టుండి మోటారు ఆగిపోయేది. బొత్తాం చుట్టూ దీపం ఎర్రగా కొట్టుకునేది. ఆపి, మళ్ళీ నొక్కితే పచ్చగా వెలిగేది, కిలోమీటరు బాగా వెళ్ళి మళ్ళీ ఆగేది. ఒక్కోరోజు అసలు ఆగేదే కాదు. ఇటువంటి తప్పును అతని ఆఫీసు భాషలో 'మళ్ళీ రప్పించలేనిది' అంటారు. ఎంత ప్రయత్నించినా కళ్ళముందు జరిగి చూపించలేని తప్పు. అలాంటివాటిని అతను ఉద్యోగంలో 'దొరకలేదు' అని రాసి వందల కొద్దీ మూసేశాడు. ఇప్పుడు దాని మీద కూర్చుని గుట్ట మధ్యలో నూట నలభై చూపిస్తున్న వాచీ వైపు చూస్తున్నాడు.

అమ్మిన దుకాణం కరోనా ఏడాదిలోనే మూతపడింది. బండిని దిగుమతి చేసుకున్నవాళ్ళ నంబరు పట్టుకుని ఫోను చేస్తే, బండి మొత్తం పెట్టెలో కట్టి పూణే పంపమన్నారు. ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. కాప్రాలో పంక్చర్లు వేసే రాములు దగ్గరికి తీసుకెళ్ళాడు. రాములు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సారూ, గిది సైకిలంటే సైకిల్ కాదు, బండంటే బండి కాదు. పంక్చరంటే వేస్త, కరెంటు పని నాకు తెల్వది. చెయ్యి పెడితే ఖరాబైతది" అని చేతులు తుడుచుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వెనక ఎత్తురోడ్డులో బండి ఆగిపోయింది. వరహాలబాబు దాన్ని ఒక గోడకు ఆనించి, వంగి వెనక చక్రం వైపు చూస్తున్నాడు. ఎదురింటి వరండాలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన తలెత్తాడు.

"ఏందీ, చైన్ పడిందా?"

"చైను కాదండి. కరెంటు పోయింది."

"సైకిల్‌కు కరెంటా?" ఆయన పేపరు మడిచి లేచాడు. "జెర లోపలికి తీసుకురండి. ఎండలో ఏం చేస్తరు."

ఆయన పేరు లూకా. డెబ్బై ఒక్కేళ్ళు. రైల్వేలో సిగ్నల్ మెయింటెయినరుగా ముప్పై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాడు. పట్టాల వెంట నడిచి, సిగ్నళ్ళను నడిపించే తీగలూ రిలేలూ చూసుకోవడం ఆయన పని. బండి సంగతి అంతా విని, లోపలికి వెళ్ళి తోలు సంచిలోంచి మల్టీమీటరు తెచ్చాడు. కరెంటు ఎంత వస్తోందో కొలిచే ఆ పరికరం వెనకవైపు రైల్వే నంబరు ఇంకా చెరిగిపోలేదు.

"ఎప్పుడు షురూ అయింది?"

"రెండు వారాలు దాటిందండి."

"దానికి ముందు ఏం జరిగింది? పడిందా? వానలో తడిసిందా? ఎవరన్నా విప్పిన్రా?"

"ఏం జరగలేదు."

లూకా అతని మొహంలోకి చూశాడు. "ఏం జరగకుండ ఫాల్టు రాదు. మనకు యాదిలేదు, అంతే. పరేషాన్ కావద్దు. వచ్చి పోయే ఫాల్టుతోటి ఒక్కటే పద్ధతి. ఒకసారి ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలువదు."

ఆయన భార్య ఆలిస్ టీ తెచ్చింది. ఆమె బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. టీ తాగేముందు కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేసింది. అందులో "ఇంటికి వచ్చిన ఈ బాబు గారి బండిని కూడా చూడు ప్రభువా" అన్నది. వరహాలబాబుకు ఎక్కడ చూడాలో తెలియలేదు. బండి వైపు చూశాడు.

ఆ రోజు నుంచి శనివారం మూడింటికల్లా అతను మెట్టుగూడలో ఉండేవాడు. లూకా చెప్పినట్టు ఒక నోటుపుస్తకం పెట్టాడు. ఎడమవైపు ఏం మార్చారో, కుడివైపు ఏం జరిగిందో. మొదటి వారం బ్యాటరీ కొలిచారు, బాగుంది. రెండోవారం చార్జరు. మూడోవారం ఎండవేడి వల్లనేమో అని, గొట్టం చుట్టూ తడిగుడ్డ చుట్టి ఎత్తురోడ్డు ఎక్కించారు. ఆగింది. నాలుగోవారం బొత్తాం. ఐదోవారం తూకంవల్లేమో అని లూకా తానే ఎక్కి తొక్కుతానన్నాడు. ఆలిస్ గేటు దగ్గర నిలబడి, "మీ వయసెంతో మీరే చెప్పండి, నేను వింటాను" అన్నది. ఆయన దిగాడు.

మధ్యలో లూకా సిగ్నళ్ళ కథలు చెప్పేవాడు. ఒక స్టేషన్‌లో సాయంత్రం ఐదింటికి మాత్రమే ఎర్రబడే సిగ్నల్ ఒకటి ఉండేదట. ఇరవై రోజులు వెతికితే, ఆ వేళకు వెచ్చదనం కోసం తీగల పెట్టెలోకి దూరి, రెండు తీగలను కలుపుతూ పడుకునే తొండ దొరికిందట. వరహాలబాబు ఆఫీసులో తాను పట్టిన తప్పుల గురించి చెప్పేవాడు. ఇరవై మూడేళ్ళలో ఆ పని గురించి అతన్ని అడిగిన మొదటి మనిషి లూకా. అడిగి ఊరుకోడు, మధ్యలో ఆపి, "అంటే ఆ బటన్ రెండుసార్లు నొక్కితే?" అని కూపీ తీసేవాడు. ఐదోవారానికి ఆయన నోట 'బాబుగారూ' పోయి 'బాబూ' వచ్చింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

నూకరత్నం ఫోనులో తేడా పట్టేసింది. "ఈమధ్య గొంతు బాగుందండి. మందు మార్చారేటి?" అన్నది.

"లేదు. బండి పాడయింది" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు.

ఏడో శనివారం, మార్చి నెలాఖరున, లూకా వెనక చక్రం పూర్తిగా ఊడదీయించాడు. టైరు అంచు వేలితో వత్తి లోపలికి చూశాడు.

"ఈ ట్యూబు కొత్తది. పాత టైరుల కొత్త ట్యూబు. ఎప్పుడు వేయించినవ్?"

వరహాలబాబు ఆలోచించాడు. "జనవరిలో పంక్చరయింది. రాములు వేశాడు."

"జనవరిల ఎప్పుడు?"

"ఇరవయ్యో తారీకు ప్రాంతంలో."

"ఫాల్టు ఎప్పుడు షురూ అయింది?"

వరహాలబాబు నోటుపుస్తకం మొదటి పేజీ తీశాడు. జనవరి ఇరవై ఏడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పంక్చరు ఒక సంఘటన అని అతనికి తోచలేదు. సైకిలు ఉన్నవాడికి పంక్చర్లు అవుతూనే ఉంటాయి.

తర్వాత అంతా పది నిమిషాల పని. చక్రం ఇరుసు పక్కన ఒక వాషరు ఉంది, దానికి చిన్న పన్ను. ఆ పన్ను ఫ్రేము గాడిలో కూర్చోవాలి. రాములు దాన్ని తిరగేసి పెట్టాడు. దాంతో ఎక్కుడులో మోటారు బలంగా నెట్టినప్పుడల్లా ఇరుసు రవ్వంత తిరిగి, మోటారులోకి వెళ్ళే తీగను లాగుతోంది. తీగ చివరి కనెక్టరు రెండు మిల్లీమీటర్లు బయటికి జారి ఉంది. కనెక్టరు మీద రెండు బాణం గుర్తులు ఉన్నాయి, ఒకదానికొకటి ఎదురుగా కలవాలి. లూకా వాషరు సరిగ్గా తిప్పి పెట్టించి, గుర్తులు కలిసేదాకా కనెక్టరును నొక్కాడు. టిక్కుమన్నది. వరహాలబాబు ఎత్తురోడ్డు నాలుగుసార్లు ఎక్కాడు. దీపం పచ్చగానే ఉంది.

"అయిపాయె" అన్నాడు లూకా, మల్టీమీటరు సంచిలో పెడుతూ. ఆలిస్ ఆ రోజు టీతోపాటు కేకు ముక్కలు పెట్టింది. గేటు దాటేటప్పుడు లూకా, "జాగ్రత్తగ పో" అన్నాడు. శనివారం రమ్మని అనలేదు. అనాలని ఆయనకు తోచి ఉండదు.

తర్వాతి శనివారం మూడింటికి వరహాలబాబు స్నానం చేసి, చొక్కా వేసుకుని, మంచం మీద కూర్చున్నాడు. ఏమని వెళ్ళాలి? బండి బాగుంది. ఊరికే ఒకరి గుమ్మం ఎక్కడం అతనికి అలవాటు లేదు. ఆ ఫ్లాటులోకి వచ్చినప్పటినుంచి ఎదురింటి గుమ్మం కూడా ఎక్కలేదు. ఆదివారం గుంపుతో వెళ్ళాడు. గుట్ట ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కాడు. పైన ఎప్పటిలా ఒక్కడే నిలబడ్డాడు. బండి ఇంత బాగా నడవడం ఈ మూడేళ్ళలో ఎప్పుడూ లేదు. ఆ సంగతి చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

మూడో శనివారం అతనొక పని చేశాడు. రెంచితో వెనక చక్రం నట్లు వదులు చేసి, వాషరు తిరగేశాడు. కనెక్టరును గోటితో మెల్లగా బయటికి లాగాడు, రెండు మిల్లీమీటర్లు. అది తీసుకుని మెట్టుగూడ వెళ్ళాడు. దారిలో మల్కాజిగిరి దగ్గర దీపం ఎర్రగా కొట్టుకుంటే, తను పెట్టిన తప్పే అయినా, అతనికి గుండె ఝల్లుమంది.

లూకా వరండాలోనే ఉన్నాడు. అతన్ని చూసి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ అలా నిలబడేవాడు కాదు.

"మళ్ళీ ఆగుతోందండి" అన్నాడు వరహాలబాబు.

లూకా మొహంలో ఏదో కొంచెం తగ్గింది. వంగి వెనక చక్రం చూశాడు. మల్టీమీటరు తేలేదు. నట్టు మీద రెంచి కొత్తగా గీసిన గీత ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి రాశాడు. తర్వాత కనెక్టరు చూశాడు.

"ఇది దానంతట అది ఊడలేదు."



లూకా వాషరు తిప్పి, నట్లు బిగించి, బాణాలు కలిపి నొక్కాడు. లేచి పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "బాగయింది, తీసుకపో" అని లోపలికి వెళ్ళాడు. ఆలిస్ టీ గ్లాసులతో బయటికి వచ్చేసరికి వరహాలబాబు గేటు బయట ఉన్నాడు. ఆమె పిలిచింది. వినపడనట్టు వెళ్ళిపోయాడు.

ఏప్రిల్, మే, జూన్ గడిచాయి. ఆదివారాలు కూడా మానేశాడు. వాట్సాప్ గుంపులో సాయి, "బాబన్నా, కనపడ్తలేవు, ఆల్ ఓకే?" అని పెట్టాడు. ఇతను బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఎండ ఎక్కకముందే లేచి చెరువు గట్టు వెంట ఒక్కడే తొక్కి, తొమ్మిదింటికి కంప్యూటరు ముందు కూర్చునేవాడు. శనివారాలు బోయిన్‌పల్లి మార్కెట్టు దాకా వెళ్ళి, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చి, తిరిగి వచ్చే దారి మెట్టుగూడ మీదుగా పడకుండా చూసుకునేవాడు.

జూలైలో వారం పది రోజులు ఆగకుండా వానలు పడ్డాయి. వాన వెలిసిన రోజు, బాల్కనీలో జల్లుకు తడిసిన బండి తీస్తే దీపం అసలు వెలగలేదు. పచ్చా లేదు, ఎరుపూ లేదు. ఈసారి అతను పెట్టిన తప్పు కాదు.

మొదట అతనికి నవ్వొచ్చింది. ఇప్పుడు వెళ్ళి చెబితే ఎవరు నమ్ముతారు? తర్వాత నోటుపుస్తకం తీశాడు. ఏడో శనివారం దగ్గర ఆగిపోయిన పేజీ కింద గీత గీసి, తేదీ వేశాడు. 'దీనికి ముందు ఏం జరిగింది: వాన' అని రాశాడు. రాణిగంజ్ వెళ్ళి ఒక మల్టీమీటరు కొన్నాడు. బ్యాటరీ కొలిచాడు, బాగుంది. మర్నాడు చార్జరు పెట్టే రంధ్రం. ఆ మర్నాడు బొత్తాం తీగ. ఒకసారి ఒక్కటే. రోజూ పని అయ్యాక హాల్లో పాత దుప్పటి పరిచి, బండిని తలకిందులుగా నిలబెట్టి కూర్చునేవాడు. పెడళ్ళ ఇరుసు కింద ఫ్రేముకు నీళ్ళు పోవడానికి చిన్న బెజ్జం ఉంది. పంతొమ్మిదో రోజున దాన్ని చూశాడు. బురద గట్టిపడి మూసుకుపోయింది. పుల్లతో పొడిస్తే గ్లాసెడు నీళ్ళు హాల్లో ధారగా కారాయి. ఆ నీళ్ళలో నానిన, బ్యాటరీ కింది కనెక్టరు ముళ్ళకు పచ్చటి చిలుం పట్టి ఉంది. చిలుం గీకి, శుభ్రం చేసే స్ప్రే కొట్టి, రెండు రోజులు ఎండబెట్టి, నీళ్ళు చొరకుండా గ్రీజు పూసి కలిపాడు. బొత్తాం నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది.

అతను హాల్లో దుప్పటి మీద కూర్చుని ఉన్నాడు. పంకా తిరుగుతోంది. కింద వీధిలో ఎవరో కూరగాయల బండివాణ్ణి బేరమాడుతున్నారు. ఇరవై మూడేళ్ళలో అతను వేల తప్పులు పట్టాడు గానీ ఒక్కటీ తన చేత్తో బాగు చేయలేదు. పట్టి రాసిపెడితే వేరేవాళ్ళు బాగు చేసేవారు. ఇది తనే పట్టాడు, తనే బాగు చేశాడు. ఎవరికి చెప్పాలో తెలియక నూకరత్నానికి ఫోను చేశాడు. వార్డులో ఉన్నాననీ, తొందరగా చెప్పమనీ ఆమె అన్నది. అతను బెజ్జం గురించీ చిలుం గురించీ చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"ఆ రైల్వే ఆయనకి చెప్పారా?"

"లేదు."

"ఏం? శనోరం శనోరం ఎల్లీవారు కదా."

వరహాలబాబు చేతికంటిన గ్రీజు దుప్పటికి తుడుచుకున్నాడు. తర్వాత ఏప్రిల్‌లో తను చేసింది చెప్పాడు. గోటితో లాగిన సంగతి కూడా చెప్పాడు. ఫోనులో అటువైపు ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో నర్సును పిలుస్తున్న చప్పుడు వినిపించాయి.

"అంతలా ఉందేటండి ఆ ఇంట్లో మీకు?" అన్నది నూకరత్నం చివరికి.

అతను బొత్తాం నొక్కి దీపం ఆర్పాడు. ఆమె మళ్ళీ అడగలేదు. "ఎల్లి చెప్పీయండి. కడుపులో ఉంచుకోకండి. మీ గుండెకి మంచిది కాదు" అని పెట్టేసింది.

ఆ శనివారం బండి ఇంట్లో వదిలి, బస్సెక్కి మెట్టుగూడలో దిగాడు. ఒట్టి చేతులతో ఆ గేటు తీయడం కష్టమైంది. లూకా వరండాలో పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడు. గేటు చప్పుడుకు కళ్ళు తెరిచాడు. అతని వెనక్కి, రోడ్డు మీదికి చూశాడు.

"బండేది?"

"తేలేదండి. ఇంట్లో ఉంది. బాగానే ఉంది." వరహాలబాబు మెట్టు కింద నిలబడే చెప్పేశాడు. "ఆ రోజు నేనే ఊడదీశాను."

"తెలుసు."

"మీకు కోపం వచ్చింది."

"వచ్చింది" అన్నాడు లూకా. కుర్చీలో నిటారుగా జరిగి కూర్చున్నాడు. "మా డ్యూటీల కావాలని ఫాల్టు పెట్టినోణ్ణి ఇంటికి పంపేటోళ్ళు. కానీ కోపం దానికి కాదు. అంతకు ముందు రెండు శనివారాలు నేను ఈడ కూసున్న. మూడు అయితది, నాలుగు అయితది, నువ్వు రాలె. ఆలిస్ సుత అడిగింది, బాబు రాలేదా అని. మూడోవారం వచ్చినవ్. బండి వట్టుకోని వచ్చినవ్. ఫాల్టు లేకపోతే నా ఇంటికి రావద్దనుకున్నవా? నేనేమన్న మెకానిక్‌నా?"

ఆలిస్ తలుపు దగ్గరికి వచ్చి, ఇద్దరినీ చూసి, "పైకి రండి, అక్కడే నిలబెట్టి మాట్లాడుతున్నారేమిటి" అని కుర్చీ జరిపింది.

కూర్చున్నాడు. వాన గురించీ బెజ్జం గురించీ చెప్పాడు. లూకా రెండు ప్రశ్నలు వేశాడు. గ్రీజు ఏ రకమో అడిగి, "మంచిదే" అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది. బండి మధ్యలో లేకపోయేసరికి ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. రోడ్డు మీద ఒక ఆటో వెళ్ళింది. లూకా దాన్ని చివరిదాకా చూశాడు. ఆలిస్ దేవిక ఏం చదువుతోందని అడిగింది. విశాఖపట్నంలో డిగ్రీ అని చెప్పాడు. ఏ గ్రూపు అని అడిగింది. చెప్పాడు. టీ వచ్చింది, ప్రార్థన అయింది, తాగడమూ అయింది. లూకా తల మెల్లగా పక్కకు వాలింది. వరహాలబాబు చప్పుడు కాకుండా లేచాడు.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి లూకా గొంతు వినిపించింది. కళ్ళు తెరవలేదు.

"ఇగనుంచి నాలుగు దాటినంక రా. మూడింటికి నేను పండుకుంట. అన్ని వారాలు నీకోసమే మెల్కొని కూసున్న."

"సరేనండి."

బస్సు కోసం నిలబడి ఉంటే ఫోను మోగింది. నూకరత్నం.

"ఎల్లారేటి?"

"వెళ్ళాను. చెప్పాను."

"ఏటన్నారు?"

"నాలుగు దాటాక రమ్మన్నారు."

ఆమె, డ్యూటీ మారే వేళ అయిందనీ, రాత్రి తిని పడుకోమనీ చెప్పి పెట్టేసింది. బస్సు కిక్కిరిసి వచ్చింది. కూర్చోవడానికి చోటు లేదు. పై కమ్మీ పట్టుకుని, ముందున్నవాళ్ళ భుజాల మీదుగా మల్కాజిగిరి వీధులు చూస్తూ, కాప్రా దాకా నిలబడే వెళ్ళాడు.